యాంజియోగ్రామ్ బాగుంది, నొప్పి మాత్రం నిజం

యాంజియోగ్రామ్‌లో అడ్డు కనిపించకపోయినా, గుండె ధమని హఠాత్తుగా ముడుచుకుని (దీన్నే స్పాజమ్ అంటారు) నొప్పి రావచ్చు. ఆ అనుమానం ఉంటే ముందు నొప్పి వచ్చే వేళ అడగండి. మలక్‌పేట ఆటో డ్రైవర్ ఒకాయన పగలు ఎన్ని మెట్లెక్కినా బాగానే ఉండేవాడు. తెల్లవారుజామున నాలుగింటికి గుండెను పిండినట్టయ్యేది. నాలుక కింద నైట్రేట్ మాత్ర పెడితే నిమిషాల్లో తగ్గేది. ఇలాంటివారిని గ్యాస్ అని పంపేస్తే నాకు ఒళ్లుమంట. సిగరెట్ల లెక్కా అడగండి, సగానికి తగ్గించే చెబుతారు.

క్యాథ్ ల్యాబ్‌లో (గుండె ధమనుల్లోకి సన్నని గొట్టం పంపి చూసే గది) స్పాజమ్‌ను రప్పించి చూసే పరీక్షకు ముందు, ధమనిని సడలించే నైట్రేట్లు, కాల్షియం ఛానల్ మందులు మన పర్యవేక్షణలోనే ఆపించాలి. గుండె ఎడమ ధమనిలోకి, స్పాజమ్‌ను రేపే మందు అసిటైల్‌కోలిన్ 20, 50, 100 మైక్రోగ్రాములు, మెట్టుమెట్టుగా, నిదానంగా. రోజూ వచ్చే నొప్పే రావాలి, ఈసీజీ మారాలి, ధమని కనీసం 90 శాతం ముడుచుకోవాలి. మూడూ కలిస్తేనే స్పాజమ్ ఖాయం. స్పాజమ్‌ను విప్పే నైట్రోగ్లిజరిన్ సిరంజి ముందే నింపి ఉంచండి. కుడి ధమనిలోకి ఆ మందు ఇస్తే గుండె వేగం పడిపోవచ్చు, తాత్కాలిక పేస్‌మేకర్ సిద్ధంగా లేకుండా అటు వెళ్లకండి.