నడుము డిస్క్ వల్ల లైంగిక సమస్య: లక్షణం, కారణం, పరిష్కారం

నడుము నొప్పితో వైద్యుని వద్దకు వెళ్ళినవారు కాలు లాగుతున్నదని చెబుతారు గాని, దానితోపాటే మొదలైన లైంగిక ఇబ్బందిని దాచుకుంటారు. ఆ ఒక్క మాట చికిత్స దిశనే మార్చవచ్చు.

లక్షణం: తొడల మధ్య, సైకిల్ సీటు ఆనే చోట తిమ్మిరి, అంగస్తంభన తగ్గడం, స్త్రీలలో స్పర్శ మందగించడం, మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, రెండు కాళ్ళలోనూ నొప్పి లేదా బలహీనత.

కారణం: వెన్నుపాము నడుము పైభాగంలోనే ముగుస్తుంది, అక్కడి నుంచి నరాలు గుర్రపు తోకలా కిందికి దిగుతాయి. వాటిలో త్రికాస్థి (నడుము కింద, పిరుదుల మధ్య ఉండే ఎముక) 2, 3, 4 నరాలు లైంగిక స్పందనను, మూత్రాశయాన్ని, మలద్వారాన్ని నడిపిస్తాయి. వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ 'జారింది' అంటాం గాని, నిజానికి దాని అంచు చిట్లి లోపలి గుజ్జు బయటికి ఉబుకుతుంది. అది పక్కకు ఉబికితే సాధారణంగా ఒక కాలి నరమే నలుగుతుంది. నడిమధ్యకు పెద్దగా ఉబికితే ఈ నరాలన్నీ నలుగుతాయి.

పరిష్కారం: ఇది అత్యవసర పరిస్థితి. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి ఎం.ఆర్.ఐ. తీయించుకోవాలి. నరాలపై ఒత్తిడి ఉందని తేలితే శస్త్రచికిత్సను వీలైనంత త్వరగా, సాధ్యమైతే 48 గంటలలోపే చేయడం మేలు. ఆ తరువాత కూడా నరాలు కోలుకోవడానికి నెలలు పట్టవచ్చు. కొందరిలో పూర్తిగా కోలుకోకపోవచ్చు.

లక్షణం: స్పర్శ, మూత్రం మామూలుగానే ఉన్నాయి, ఉదయపు స్తంభన కూడా ఉంది, కలయిక మాత్రం సాగడం లేదు.

కారణం: నొప్పి, లేదా నొప్పి వస్తుందన్న భయం.

పరిష్కారం: డిస్క్ నొప్పి చాలామందిలో వ్యాయామంతో, ఫిజియోథెరపీతో కొన్ని వారాల నుంచి మూడు నెలలలోపు తగ్గుతుంది. అంతవరకు పక్కకు తిరిగి పడుకోవడం, లేదా నొప్పి ఉన్నవారు మోకాళ్ళ కింద దిండు పెట్టుకుని వెల్లకిలా పడుకోవడం సుఖంగా ఉంటుంది.

లక్షణం: మందులు మొదలుపెట్టాకే కోరిక తగ్గింది.

కారణం, పరిష్కారం: నొప్పికి ఇచ్చే ట్రమడాల్, ప్రీగాబలిన్, డ్యులాక్సెటిన్ వంటి మందులు ఇందుకు కారణం కావచ్చు. వాటిని సొంతంగా ఆపకుండా, మోతాదు లేదా మందు మార్చమని వైద్యుని అడగాలి.

ఇక తిమ్మిరి, నొప్పి ఏవీ లేకుండా సమస్య ఏళ్ళ తరబడి మెల్లగా పెరిగితే, స్కాన్‌లో డిస్క్ ఉబ్బు కనిపించినంత మాత్రాన నేరం దానిమీద వేయడం తొందరపాటే, ఎందుకంటే ఏ బాధా లేనివారిలోనూ ఆ ఉబ్బు తరచుగా కనిపిస్తుంది. ముందు మధుమేహం, రక్తపోటు, హార్మోన్లు పరీక్షించుకోవాలి, పొగతాగే అలవాటునూ లెక్కలోకి తీసుకోవాలి. అంగస్తంభనకు వాడే సిల్డెనాఫిల్ వంటి మాత్రలను వైద్య సలహాతోనే వాడాలి. గుండెనొప్పికి నైట్రేట్ మందులు వాడేవారు ఈ మాత్రలు తీసుకుంటే రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది.