టెన్నిస్ చూడటం నేర్చుకుందాం – 4వ పాఠం: తప్పుల లెక్క, రెండో సర్వ్

పోయిన పాఠం చివర ఒక పని ఇచ్చాను. 2025 ఫ్రెంచ్ ఓపెన్ మహిళల ఫైనల్ చూసి, ఆ రోజు సబలెంకా ఫామ్ ఎలా ఉందో పది వాక్యాల్లో రాయమన్నాను. వచ్చిన జవాబుల్లో చాలావాటి మొదటి వాక్యం ఒకటే: "సబలెంకా 70 అన్‌ఫోర్స్‌డ్ ఎర్రర్లు చేసింది కాబట్టి ఫామ్‌లో లేదు." మిగతా తొమ్మిది వాక్యాలూ దానికి వంత పాడాయి. (అన్‌ఫోర్స్‌డ్ ఎర్రర్ అంటే అవతలివాళ్లు ఇబ్బంది పెట్టకుండానే తనంతట తాను చేసిన తప్పు.)

అంకె తప్పేమీ కాదు. సబలెంకావి 70, కోకో గాఫ్‌వి 30. గాఫ్ 6-7, 6-2, 6-4తో గెలిచింది. అయితే టీవీలో కింద వచ్చే అంకెను ఎత్తి రాయడానికి మ్యాచ్ చూడక్కర్లేదు కదా? ఈ పాఠం మొత్తం సర్వ్ గురించే చెబుదామనుకున్నాను. దాన్ని సగానికి తగ్గించి, ముందు ఈ సంగతి తేల్చేస్తాను. ఇది తేలకపోతే ముందు ముందు ఏ పాఠమూ ఎక్కదు.

పాయింట్ అయిపోగానే ఆ తప్పు ఏ రకమో రాసేది మామూలుగా కోర్టు పక్కన గణాంకాలు నమోదు చేసే మనిషి. ప్లేయర్‌కి బంతి దగ్గరికి చేరడానికి టైమ్ ఉందా, బ్యాలెన్స్ ఉందా, ఆ షాట్ లోపల పెట్టాల్సిందేనా అని క్షణంలో తేల్చుకుని మీట నొక్కాలి. అవునంటే అన్‌ఫోర్స్‌డ్, కాదంటే ఫోర్స్‌డ్. మనిషి మారితే లెక్కా కొంత మారుతుంది. అందుకే ఒక టోర్నీలో 40, ఇంకో టోర్నీలో 28 అని పక్కపక్కన పెట్టి "మెరుగుపడింది" అని రాసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అసలు చిక్కు వేరే ఉంది. ఆ లెక్క ర్యాలీలో చివరి బంతినే పట్టించుకుంటుంది. ఆ ఫైనల్లో పదేపదే కనిపించే తరహా ర్యాలీ ఒకదాన్ని నెమ్మదిగా చూద్దాం. సబలెంకా ఫోర్‌హ్యాండ్‌తో ఒక మూలకి బలంగా కొడుతుంది. చాలామంది మీద అయితే పాయింట్ అక్కడితో సరి. గాఫ్ మట్టి మీద జారుకుంటూ వెళ్లి, రాకెట్ చాపి, బంతిని ఎత్తుగా బేస్‌లైన్ దగ్గర పడేలా తిరిగి పంపుతుంది. సబలెంకా రెండో మూలకి కొడుతుంది. అదీ తిరిగొస్తుంది. మూడోసారికి బంతి భుజం ఎత్తుకి లేస్తుంది, గాలికి కాస్త పక్కకి జరుగుతుంది. సబలెంకా చిన్న అడుగులు వేసి సర్దుకోవాల్సిన చోట ఆగిపోతుంది, బరువు వెనక కాలి మీదే ఉండిపోతుంది. గాఫ్‌కి ఇది కూడా అందుతుందేమోనని గీతకి ఇంకా దగ్గరగా గురిపెడుతుంది. బంతి బయటపడుతుంది, పట్టికలో ఇంకో అన్‌ఫోర్స్‌డ్ ఎర్రర్ చేరుతుంది. దాన్ని రప్పించిన గాఫ్ పరుగుకి ఆ పట్టికలో గడే లేదు.

ఇక గాలి. ఆ రోజు కోర్టులో గాలి విపరీతంగా ఉంది. సబలెంకా షాట్లు బలంగా, చదునుగా వెళ్తాయి, నెట్ మీద ఎక్కువ ఎత్తు ఉండదు. గాఫ్ ఫోర్‌హ్యాండ్‌కి టాప్‌స్పిన్ (బంతి ముందుకి దొర్లినట్టు తిరగడం) ఎక్కువ, బంతి నెట్ మీద బాగా ఎత్తులో వెళ్లి కిందికి దిగుతుంది. ఒకే గాలి మొదటావిడకి చేసే నష్టం రెండో ఆమెకి చేయదు. మొదటి సెట్లో 4-1తో ముందున్నది సబలెంకానే అన్న సంగతి గుర్తుంచుకోండి. ఫామ్‌లో లేని మనిషి గాఫ్ మీద 4-1 ఎలా చేసింది? ఈ ప్రశ్న ఒక్కరూ వేసుకోలేదు.

మ్యాచ్ అయిన వెంటనే సబలెంకా కూడా గాఫ్ గొప్పగా ఆడి గెలవలేదని, తన తప్పుల వల్లే గెలిచిందనే ధోరణిలో మాట్లాడింది. విమర్శలు వచ్చాయి, తర్వాత ఆ మాటలు సరికాదని తనే ఒప్పుకుంది. కోర్టులో ఉన్న మనిషికే అలా అనిపించిందంటే సోఫాలో కూర్చున్న మనకి అనిపించడంలో వింత లేదు. కాకపోతే ఆమెకి కోపం, అలసట ఉన్నాయి. మీకు రిమోట్ ఉంది.

ఆ రిమోట్ వాడండి. తప్పు కనిపించగానే రెండు షాట్లు వెనక్కి వెళ్లండి. బంతి రాకెట్‌కి తగిలే క్షణంలో ఆపి మూడు చూడండి: తల నిలకడగా ఉందా, బరువు ముందుకి వస్తోందా, బంతి ఒంటికి ముందు తగిలిందా? మూడూ సరిగ్గా ఉండి బయటపడితే అది గురి తప్పడమే, నేను పట్టించుకోను. ఒక్కటి చెడినా, దాన్ని చెడగొట్టింది అవతలి మనిషా, గాలా, ఇవతలి మనిషి బద్ధకమా అని రాయండి. అదే విశ్లేషణ.

మొత్తం అంకెలతో ఇంకో తంటా ఉంది, త్వరగా చెప్పేస్తా. 2019 వింబుల్డన్ ఫైనల్లో ఫెదరర్ 218 పాయింట్లు గెలిచాడు, జొకోవిచ్ 204. విన్నర్లు (అవతలివాళ్లకి అందకుండా పాయింట్ తెచ్చిన షాట్లు) 94, 54. ఏస్‌లు (అవతలివాళ్లు తాకలేకపోయిన సర్వ్‌లు) 25, 10. కప్పు మాత్రం జొకోవిచ్‌ది, ఎందుకంటే మూడు టైబ్రేక్‌లూ (సెట్ సమంగా నిలిచినప్పుడు తేల్చడానికి ఆడే గేమ్‌లు) అతనివే. 2025 ఫ్రెంచ్ ఓపెన్ పురుషుల ఫైనల్ 5 గంటల 29 నిమిషాలు సాగింది. అందులో సినర్‌కి 193 పాయింట్లు, అల్కరాజ్‌కి 192, గెలిచింది అల్కరాజ్. నాలుగో సెట్లో 3-5, 0-40 దగ్గర మూడు చాంపియన్‌షిప్ పాయింట్లు (ఒక్కటి పోయినా కప్పు సినర్‌దే) కాచుకున్నాడు. నా షార్ట్‌కట్ ఏమిటంటే, టైమ్ లేనప్పుడు 30-30, డ్యూస్ (40-40), బ్రేక్ పాయింట్లు (సర్వ్ చేసేవాళ్లు గేమ్ పోగొట్టుకునే అంచున ఉన్నవి), టైబ్రేక్‌లు మాత్రమే చూస్తాను. 40-0 దగ్గర ఎవరైనా అందంగానే ఆడతారు.

ఇప్పుడు సర్వ్‌కి వద్దాం. గ్రిప్, స్ప్లిట్ స్టెప్ మీకు తెలిసినవే అనుకుని దాటేస్తున్నాను. మొదటి సర్వ్ కూడా దాటేస్తున్నాను, దాని స్పీడ్ గురించి కామెంటేటర్లే కావాల్సినంత చెబుతారు. ఫామ్ బయటపడేది రెండో సర్వ్‌లో, అంటే మొదటిది తప్పితే దొరికే రెండో అవకాశంలో.

దీనికీ సబలెంకానే తీసుకుందాం. 2022 మొదట్లో అడిలైడ్‌లో ఆమె డబుల్ ఫాల్టులు (రెండు సర్వ్‌లూ తప్పి పాయింట్ పోవడం) అదుపు తప్పి, చివరికి అండర్‌ఆర్మ్ సర్వ్ (చేతిని కింద నుంచి ఊపి కొట్టేది) కూడా చేయాల్సి వచ్చింది. అదంతా టెన్షన్ అనే మాట గట్టిగా వినిపించింది. ఆమె అదే ఏడాది బయోమెకానిక్స్ (ఒంటి కదలికల శాస్త్రం) నిపుణుడు గావిన్ మాక్‌మిలన్ దగ్గర సర్వ్ కదలికను సరిచేసుకుంది. 2023 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచింది. టెక్నిక్ లోపాన్ని మనసు ఖాతాలో వేస్తే ఏళ్ల తరబడి తప్పు మందు వాడినట్టే.

టీవీలో ఆ రెండింటినీ విడదీయడం కష్టమే కానీ ఆధారాలు దొరుకుతాయి. డబుల్ ఫాల్టులు 40-0 దగ్గరా, 0-15 దగ్గరా, ఎక్కడ పడితే అక్కడ వస్తుంటే టెక్నిక్‌ని అనుమానించండి. 30-40 లాంటి చోట్లే గుంపుగా వస్తే టెన్షన్. అన్నీ నెట్‌కే తగులుతున్నాయా, కొన్ని నెట్‌కి, కొన్ని బయటికి పోతున్నాయా అన్నదీ రాసుకోండి. ఒకే తీరున పోతుంటే కదలికలో ఏదో ఒకటి పదేపదే జరుగుతోందన్నమాట: టాస్ (సర్వ్‌కి ముందు పైకి ఎగరేసే బంతి) మరీ ముందుకి పడటమో, తల ముందే దించేయడమో. టాస్ వేసి కొట్టకుండా పట్టుకుని మళ్లీ వేయడం ఎక్కువైతే, డబుల్ ఫాల్టులు రాకముందే వాటి కబురు అందినట్టు. జొకోవిచ్ అయితే ఒత్తిడిలో సర్వ్‌కి ముందు బంతిని నేలకి కొడుతూనే ఉంటాడు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఆధారం సర్వ్ చేసేవాళ్ల దగ్గర ఉండదు. రెండో సర్వ్ మొదలవగానే నేను రిసీవర్ కాళ్లు చూస్తాను. సెట్ మొదట్లో బేస్‌లైన్ వెనక నిలబడినవాళ్లు సెట్ చివరికి లోపలికి అడుగేస్తుంటే, అవతలి సర్వ్‌కి భయపడటం మానేశారన్నమాట. స్పీడ్ గన్ కన్నా దీన్నే నమ్ముతాను. మెద్వెదెవ్ లాంటివాళ్లకి ఈ సూత్రం పనికిరాదు, అతను ఎటూ చాలా వెనకే ఉంటాడు. అలాంటివాళ్ల మీద సర్వర్ ఆ ఖాళీని వాడుకుంటున్నాడో లేదో చూడాలి. 2023 ఇండియన్ వెల్స్ ఫైనల్లో మెద్వెదెవ్ మీద అల్కరాజ్ వాడుకున్నాడు: డ్రాప్ షాట్లు (నెట్ దాటగానే పడిపోయే మెత్తని షాట్లు), నెట్ దగ్గరికి పరుగులు, 6-3, 6-2.

ఈసారి సాధన కాస్త ఎక్కువే. 2023 ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్, సబలెంకా, రిబాకినా, 4-6, 6-3, 6-4. సౌండ్ ఆపేసి మొత్తం చూడండి. సబలెంకా వేసిన ప్రతి రెండో సర్వ్‌కీ నాలుగు గడులు నింపండి: అప్పటి స్కోరు, బంతి ఏ వైపు పడింది, రిబాకినా కాళ్లు గీతకి ఎక్కడున్నాయి, పాయింట్ ఎవరిది. తర్వాత చివరి గేమ్‌ని విడిగా మూడుసార్లు చూడండి. 5-4 దగ్గర మొదటి చాంపియన్‌షిప్ పాయింట్ మీద సబలెంకా డబుల్ ఫాల్ట్ చేసింది, నాలుగో దాని మీద గెలిచింది. ఆ డబుల్ ఫాల్ట్ టెక్నిక్‌దా, టెన్షన్‌దా? మీ పట్టికలోంచి ఆధారం చూపిస్తూ ఐదు వాక్యాల్లో రాయండి. ఆధారం లేని జవాబు చదవను.

పూర్తి మ్యాచ్ దొరకకపోతే హైలైట్స్‌తో చేయకండి. అందులో రెండో సర్వ్‌లు చాలావరకు కోసేస్తారు, రిసీవర్ కాళ్లు ఫ్రేమ్‌లోనే ఉండవు. మీకు పూర్తిగా దొరికే వేరే మ్యాచ్ ఏదైనా తీసుకోండి, కెమెరా కోర్టు వెనక నుంచి ఉంటే చాలు.