నార్విచ్ పాత చర్చిలకు పిల్లలతో నడిచి వెళ్లేముందు

ఇంగ్లండ్‌లోని నార్విచ్ పాత నగర గోడల లోపల 30కి పైగా మధ్యయుగపు చర్చిలు మిగిలాయి. పూటకు మూడు చాలు, నాలుగోదానికి పిల్లలు మొరాయిస్తారు.

• తెరిచే వేళలు ముందురోజే చూసుకోండి. చాలావాటిలో ఇప్పుడు ప్రార్థనలు జరగవు. సెయింట్ జేమ్స్ అయితే బొమ్మలాట థియేటరైంది (పిల్లలకు అదే నచ్చొచ్చు).

• ఎల్మ్ హిల్ వీధంతా గుండ్రాళ్ల పరుపు. వాన పడితే జారుతుంది, స్ట్రోలర్ చిన్న చక్రాలు రాళ్ల సందుల్లో ఇరుక్కుంటాయి. పట్టున్న బూట్లు వేయండి, పసిపిల్లల్ని బేబీ క్యారియర్‌లో ఎత్తుకోండి.

• మందపాటి రాతిగోడల వల్ల లోపల వేసవిలోనూ చల్లగా ఉంటుంది. స్వెటర్ తప్పనిసరి.

• నార్విచ్ కేథడ్రల్ (నగరంలోని పెద్ద చర్చి) పైకప్పు లోపలివైపు వెయ్యికి పైగా చెక్కడాలున్నాయి. మెడ నొప్పి రాకుండా చేతి అద్దంలో చూపించండి.

• టాయిలెట్‌కి చిన్న చర్చిలను నమ్ముకోవద్దు. సెయింట్ పీటర్ మాన్‌క్రాఫ్ట్ ఎదుటి ఫోరమ్ భవనంలో పని కానిచ్చి బయల్దేరండి.