ఉప్పు తగిలిన వరిలో ఆకు పచ్చగా నిలవాలంటే

మాది ఉప్పలగుప్తం మండలంలో కాలువ చివరి చేను. ధవళేశ్వరం నుంచి వచ్చే నీళ్లు మా దాకా అందేసరికి సన్నగిల్లుతాయి. సముద్రపు పోటు మాత్రం మురుగు కాలువ పట్టుకుని ఎదురొస్తుంది. అందుకే నాట్లయిన పది రోజుల నుంచి నేను రోజూ ఆకునే చూస్తాను.

మడిలో నీళ్లుండగానే మధ్యాహ్నం ఆకు చుట్టుకుంటోందంటే ఉప్పును అనుమానించండి. వేరు ఆ నీటిని లాగలేకపోతోంది. అప్పుడు ఆకు తన సన్న రంధ్రాలు మూసేస్తుంది, బొగ్గుపులుసు వాయువు లోపలికి అందదు, ఎంత ఎండ కాసినా పిండిపదార్థం సరిగా తయారవదు. ఆ తర్వాత ఉప్పులోని సోడియం పేరుకుని పచ్చదనాన్నే చెడగొడుతుంది, ఆకు కొన తెల్లబడి ఎండుతుంది.

ఒక దుబ్బు చేతిలోకి తీసుకుని చూడండి. అడుగు ఆకులు ఎండినా పైన లేత ఆకులు పచ్చగా ఉంటే మొక్క పోరాడుతున్నట్టే. ఉప్పును ముసలి ఆకుల్లో దాచి, పనిచేసే ఆకుల్ని కాపాడుకుంటోంది. నాలుగేళ్ల కిందట ఇది తెలియక, పైరు పోతోందని యూరియా చల్లాను. పైరు ఇంకా దిగాలుపడింది. లేత ఆకు కూడా తెల్లబడితేనే అసలు టెన్షన్.

ముందు నీళ్లు మార్చాలి. పోటు దిగాక మురుగు తూము తెరిచి పాత నీళ్లు వదిలేయండి, మళ్లీ పోటు రాకముందే మూసి కాలువ నీళ్లు పెట్టండి. రెండు మూడుసార్లు చేస్తేనే తేడా తెలుస్తుంది. మడిని మాత్రం ఆరనివ్వకండి. ఆరితే కింది ఉప్పు పైకొచ్చి తెల్లగా పొర కడుతుంది.

ఆకు రంధ్రాలు తెరుచుకోవడానికి పొటాషియం కావాలి, సోడియం దాని చోటులో చేరుతుంది. అందుకే పొటాష్‌ను ఒకేసారి వేయకుండా విడతలుగా వేస్తాను. లీటరు నీటికి 10 గ్రాముల పొటాషియం నైట్రేట్ (13-0-45) కలిపి సాయంత్రం పిచికారీ చేస్తాను. జింకు లోపం కనిపిస్తే లీటరుకు 2 గ్రాముల జింక్ సల్ఫేట్, అది వేరుగా.

వచ్చే పంటకు ముందు పచ్చిరొట్ట పైరైన జీలుగ వేసి కలియదున్నండి. మచిలీపట్నం పరిశోధనా స్థానం ఇచ్చిన ఎం.సి.ఎం. 100 లాంటి ఉప్పును ఓర్చే రకం తీసుకోండి. ముప్పై రోజులు దాటిన నారు నాటండి, కుదురుకు ఒకటి రెండు మొక్కలు ఎక్కువ పెట్టండి.

పూత సమయంలో వరి మళ్లీ నారులాగే సున్నితమవుతుంది. గింజలో పాలు నింపేది ఎక్కువగా పోటాకు (వెన్ను దగ్గరుండే చివరి ఆకు), దాని కింది ఆకులే. అందుకే చిరుపొట్ట (లోపల వెన్ను మొదలయ్యే దశ) నుంచి పాలు పోసుకునే దాకా మడిలో రెండంగుళాల మంచినీళ్లు నిలిపి, పోటు వేళకు తూము దగ్గర నేనే కాపలా ఉంటాను.