1972 వెండి పది రూపాయలు: తోమకండి, తూచండి

మా నాన్నగారి బీరువాలో దొరికిన పది రూపాయల నాణెంతో నాకీ పిచ్చి పట్టుకుంది. స్వాతంత్య్రం వచ్చి పాతికేళ్లయిన సందర్భంగా 1972లో ప్రభుత్వం వేసిన వెండి నాణెం అది. నల్లబడిందని మా అమ్మ దీపపు కుందులతో పాటు దాన్నీ చింతపండు, విభూతి పెట్టి తోమేసింది. తళతళలాడుతున్న నాణేన్ని ఒక డీలర్ ముందు పెడితే చేత్తో అయినా ముట్టుకోకుండా "తోమారా?" అన్నాడు. వెండి ఖరీదు మించి పైసా ఇవ్వనన్నాడు.

కాబట్టి కొనేటప్పుడు మొదట చూడాల్సింది అదే. లైటు కింద నాణేన్ని మెల్లగా అటూ ఇటూ వంచండి. తోమనిదైతే మెరుపు బండిచక్రం ఆకుల్లా గుండ్రంగా కదులుతుంది. తోమినదైతే వెంట్రుకల్లాంటి సన్నటి గీతలు కనిపిస్తాయి.

తర్వాత తూకం. వంటింటి కాటా పనికిరాదు, నగల వాళ్లు వాడే చిన్న డిజిటల్ కాటా కొనుక్కోండి. ఈ నాణెం 22.5 గ్రాములు, అడ్డకొలత 39 మిల్లీమీటర్లు. అరిగితే కాస్త తగ్గొచ్చు, గ్రాములకు గ్రాములు తేడా వస్తే మాత్రం దండం పెట్టి వచ్చేయండి. అయస్కాంతానికి అంటుకుంటే ఇక చెప్పేదేముంది!

ఇందులో వెండి సగమే, అంటే 11.25 గ్రాములు. ఆ రోజు గ్రాము రేటుతో గుణిస్తే లోహం విలువ తెలుస్తుంది. తమాషా ఏమిటంటే, 1969లో వచ్చిన గాంధీ శతజయంతి పది రూపాయలు 15 గ్రాములే అయినా, 80 శాతం వెండి కావడంతో అందులో 12 గ్రాములుంటుంది. చిన్న నాణెంలోనే వెండి ఎక్కువ!

సంవత్సరం దగ్గర భూతద్దం పెట్టి చూడండి. చిన్న డైమండ్ గుర్తుంటే బొంబాయి మింట్ (నాణేలు ముద్రించే టంకశాల), ఏ గుర్తూ లేకపోతే కలకత్తా. మన హైదరాబాద్ మింట్ గుర్తయిన నక్షత్రం ఈ వెండి నాణెం మీద కనిపిస్తే నేనైతే కొనను.

"చాలా రేర్ సార్" అనే మాటకు పడిపోకండి. వాడేసిన నాణేలు బాగానే దొరుకుతాయి. దొరకనిది చెయ్యి పడని నాణెం, సేకరించేవాళ్ల కోసం ప్రత్యేకంగా ముద్రించిన, అద్దంలాంటి నేపథ్యమున్న ప్రూఫ్ నాణెం. డబ్బు పెడితే వాటి మీదే పెట్టండి.

ఇంటికి తెచ్చాక అంచులు పట్టుకునే తీయండి. మెత్తటి పీవీసీ కవర్లో పెడితే కొన్నాళ్లకు పచ్చటి జిగురు పడుతుంది. కార్డ్‌బోర్డ్ హోల్డర్ చాలు.

నేను రెండోది కొన్నాక బీరువా తాళం నా దగ్గరే పెట్టుకున్నాను. నల్లబడిన వెండిని చూస్తే అమ్మ చెయ్యి ఊరుకోదు.