సింగపూర్ హెలిక్స్ బ్రిడ్జ్: ఏ వేళకి వెళ్లాలి, ఎటు నుంచి ఎక్కాలి

సింగపూర్ వెళ్లే మనవాళ్ల లిస్టులో యూనివర్సల్ స్టూడియోస్, మెర్లయన్, ముస్తఫా సెంటర్ ఎలాగూ ఉంటాయి. నీళ్ల మీద నడిచేవాళ్ల కోసం కట్టిన హెలిక్స్ బ్రిడ్జ్‌ని మాత్రం "మెరీనా బే శాండ్స్ హోటల్‌కి పోయేటప్పుడు దారిలో తగులుతుందిలే" అని వదిలేస్తారు. తగులుతుంది, నిజమే. కానీ మిట్టమధ్యాహ్నం తగిలిందనుకోండి, చెమటలు కక్కుకుంటూ గబగబా దాటేసి, ఇందులో ఏముందబ్బా అనుకుంటారు. దీనికి టికెట్ లేదు, గేటు లేదు, ఇరవై నాలుగు గంటలూ తెరిచే ఉంటుంది, అందుకే ఎవరూ ప్లాన్ చేసుకోరు. మీరు ఆలోచించుకోవాల్సినవి రెండే: ఏ వేళకి వెళ్తున్నారు, ఎటు నుంచి ఎక్కుతున్నారు.

సింగపూర్ భూమధ్యరేఖకి ఆనుకుని ఉన్నట్టే కాబట్టి ఏ నెలలో వెళ్లినా పొద్దు గుంకేది అటూ ఇటూగా ఏడు గంటలకే. సాయంత్రం ఆరున్నరకల్లా అక్కడ ఉండండి. వెలుతురు ఉండగా బ్రిడ్జ్ ఎలా కట్టారో కనిపిస్తుంది, ఇంకో ముప్పావు గంట ఆగితే దీపాలు వెలిగాక అదే బ్రిడ్జ్ ఇంకోలా కనిపిస్తుంది, ఒకే రాకలో రెండూ అయిపోతాయి.

ఎక్కేది ప్రొమెనాడ్ మెట్రో స్టేషన్ వైపు నుంచి. చాలామంది బేఫ్రంట్ స్టేషన్‌లో దిగి శాండ్స్ మాల్ లోంచి బయటికొచ్చి అటు నుంచి ఎక్కుతారు, అప్పుడు శాండ్స్ హోటల్ మూడు టవర్లూ వీపు వెనక పడిపోతాయి. ప్రొమెనాడ్‌లో దిగి, సింగపూర్ ఫ్లయర్ జెయింట్ వీల్ ఉన్న దిక్కుగా ఓ పది నిమిషాలు నడిచి ఇటు నుంచి ఎక్కితే, నడిచినంతసేపూ అవి ఎదురుగానే ఉంటాయి. ట్రెయిన్‌కి విడిగా కార్డు కొనక్కర్లేదు, ట్యాప్ చేసే వీసా, మాస్టర్‌కార్డ్ ఉంటే గేటు దగ్గర అదే చాలు, విదేశీ కార్డుకి కొంచెం అదనపు ఛార్జీ పడుతుంది అంతే. ఒక్క మాట, హోటల్లో డబ్బాకి కట్టుకున్న పులిహోర ట్రెయిన్‌లో విప్పకండి. లోపల తినడం, తాగడం నిషేధం, ఫైన్ 500 డాలర్ల దాకా ఉంటుంది.

ఇక బ్రిడ్జ్. పొడవు 280 మీటర్లు, 2010లో తెరిచారు. బండ్లకి పక్కనే బేఫ్రంట్ బ్రిడ్జ్ వేరేగా ఉంది, ఇది పూర్తిగా నడిచేవాళ్లదే, కాబట్టి పిల్లల్ని వదిలేసినా టెన్షన్ లేదు. తిన్నగా కాకుండా కాస్త వంపు తిరిగి ఉంటుంది. చుట్టూ స్టెయిన్‌లెస్ స్టీల్ గొట్టాలు రెండు వరసలుగా తాడు పేనినట్టు మెలికలు తిరుగుతూ పోతుంటే మీరు ఆ మెలికల లోపల నడుస్తుంటారు. అది డీఎన్ఏ ఆకారం. ఇంట్లో బైపీసీ చదివే పిల్లలుంటే మెలిక ఎటు తిరిగిందో చూడమనండి, మన ఒంట్లో మామూలుగా ఉండే డీఎన్ఏ కుడిచేతి మెలిక, ఇది ఎడమచేతిది!

చీకటి పడ్డాక అందరూ తలెత్తి లైట్లు చూస్తారు, మీరు కిందికి కూడా చూడండి. నడిచే చోటే సి, జి, ఎ, టి అనే ఇంగ్లిష్ అక్షరాలు ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో జంటలుగా వెలుగుతుంటాయి. సైటోసిన్, గ్వానిన్, అడెనిన్, థైమిన్, అంటే డీఎన్ఏలో జంటలు కట్టే నాలుగు బేస్‌ల పేర్లలో మొదటి అక్షరాలు. దాని మీదే కాలు వేసి చూడకుండా పోయేవాళ్లే ఎక్కువ.

నీళ్ల మీదికి చొచ్చుకొచ్చిన నాలుగు వేదికలున్నాయి, ఆగడానికి కట్టినవే అవి. నడిచే దారి మధ్యలో ఆగి గ్రూప్ ఫొటోలు దిగకండి, సాయంత్రం జాగింగ్ చేసేవాళ్లు వరసగా వస్తుంటారు, ఎడమ పక్కకి ఉండడం అక్కడి పద్ధతి. వేదిక మీద నిలబడితే ఒక పక్క తామరపువ్వులా విచ్చుకున్న ఆర్ట్‌సైన్స్ మ్యూజియం, నీళ్లకి అవతల బ్యాంకుల టవర్లు, ఇటు ఎస్ప్లనేడ్ థియేటర్ల ముళ్ల డోములు కనిపిస్తాయి. మెలికలు బాగా పడాలంటే ఫోన్ కళ్ల ఎత్తులో కాదు, నేలకి దగ్గరగా దించి వైడ్‌లో తీయండి. మొత్తం బ్రిడ్జ్ ఫ్రేములో రావాలంటే మాత్రం దాటాక మ్యూజియం పక్కన నీటి ఒడ్డుకి రావాల్సిందే, పైనుంచి అది కుదరదు.

పైన గాజు, జాలీ కప్పు అక్కడక్కడా ఉంది కానీ దాన్ని నమ్ముకుని వర్షంలో నిలబడలేరు. ఉరుములు మొదలైతే ఆలోచించకుండా మాల్‌లోకి పోండి, జల్లు మామూలుగా త్వరగానే వెలుస్తుంది. నీళ్ల సీసా వెంట ఉంచుకోండి, అక్కడ కుళాయి నీళ్లు నిక్షేపంగా తాగొచ్చు, బాటిళ్లు కొంటే చేతి చమురు వదులుతుంది. ఫార్ములా వన్ రేసు రోజుల్లో ఆ చుట్టుపక్కల రోడ్లు మూసేస్తారు, డిసెంబర్ 31 రాత్రి ఇసకేస్తే రాలనంత జనం, ఆ రోజులు మానుకోండి.

ఎనిమిదికి శాండ్స్ ముందున్న ప్లాజాలో స్పెక్ట్రా లైట్ షో ఉంటుంది, ఫ్రీ, ఓ పావుగంట. బ్రిడ్జ్ మీంచి చూద్దామనుకోకండి, నీటి తెర మీద బొమ్మలు ఎదురుగా కూర్చున్నవాళ్లకే సరిగ్గా కనిపిస్తాయి. అది అవగానే గార్డెన్స్ బై ద బే పార్కు వైపు నడిస్తే ఎనిమిదీ ముప్పావుకి సూపర్‌ట్రీల (చెట్ల ఆకారంలో ఎత్తుగా కట్టిన కట్టడాలు) షో, అదీ ఫ్రీయే. టైములు మారుతుంటాయి, బయల్దేరే ముందు వాళ్ల సైట్లలో ఒకసారి చూసుకోండి. పెద్దవాళ్లు ఉంటే ఈ రెండోది బలవంతంగా పెట్టుకోకండి, అప్పటికే కాళ్లు పీకేస్తుంటాయి.

ఇక ఆకలి. ఆ మాల్‌లో నలుగురి భోజనం రేటు రూపాయల్లోకి మార్చి చూసుకుంటే మింగుడు పడదు. బేఫ్రంట్‌లో డౌన్‌టౌన్ లైన్ ఎక్కితే నాలుగో స్టేషనే లిటిల్ ఇండియా, మారే పని లేదు. సెరంగూన్ రోడ్డు మీద దోసె, అన్నం, పప్పు అన్నీ దొరుకుతాయి. ఆఖరి ట్రెయిన్ అర్ధరాత్రికి అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి తీరిగ్గానే తినొచ్చు.