మాస్టర్‌తో కుమితే: ముందు దూరం, తర్వాతే దెబ్బ

కరాటేలో కుమితేకి, అంటే ఎదురెదురుగా చేసే ఫైట్‌కి, రంగు బెల్టు విద్యార్థి బ్లాక్ బెల్టు మాస్టర్ ఎదుట నిలబడ్డప్పుడు సాధారణంగా రెండు తప్పుల్లో ఒకటి జరుగుతుంది. బిగుసుకుపోయి గార్డు వెనక దాక్కోవడం, లేదంటే కళ్లు మూసుకుని మీద పడిపోవడం. రెండింటిలోనూ నేర్చుకునేది ఏమీ ఉండదు. పాయింట్ల కోసం దిగితే మిగిలేది నిరాశే. మాస్టర్ కొట్టిన క్షణంలో మీ కాళ్లు ఎక్కడున్నాయో పట్టుకోవడానికి దిగితే రెండు నిమిషాల రౌండు కూడా చాలా నేర్పుతుంది. ఇక్కడ చెప్పేది పాయింటు పద్ధతి కరాటే గురించి. ఫుల్ కాంటాక్ట్ శైలుల్లో నిలబడే దూరాలూ గార్డూ వేరు.

దిగే ముందు

మౌత్ గార్డు, చేతి మిట్లు, షిన్ గార్డులు, మగవాళ్లకు గ్రోయిన్ గార్డు, ఆడవాళ్లకు చెస్ట్ గార్డు ఉండాలి. గోళ్లు కత్తిరించుకోండి. ఉంగరం, గొలుసు, కళ్లద్దాలు తీసేయండి.

నేల సంగతి చాలామంది పట్టించుకోరు. మన ఊళ్లలో క్లాసులు ఎక్కువగా అపార్ట్‌మెంట్ సెల్లార్లలో, స్కూలు ఆవరణల్లో, మేడల మీద నడుస్తాయి. సిమెంటు నేల మీదో టైల్స్ మీదో అయితే కాలు ఊడ్చే అషి బరాయ్, విసిరేయడాలు వద్దని ముందే అనుకోవాలి. వెనక్కి పడితే తల పగిలేది అక్కడే. పజిల్ మ్యాట్లు పరిస్తే అతుకుల దగ్గర జారి విడిపోతాయి, రౌండు రౌండుకీ మధ్య కాలితో సర్దండి.

మాస్టర్‌ని అడిగేటప్పుడు "నాతో ఫైట్ చేయండి సర్" అని ఊరుకోకండి. ఏం ప్రాక్టీస్ చేయాలనుకుంటున్నారో ఒక్క ముక్కలో చెప్పండి: "మాస్టర్, మీ కిజామి జుకి వచ్చినప్పుడు పక్కకి తప్పుకోవడం చూసుకోవాలి. రెండేసి నిమిషాలు మూడు రౌండ్లు చేయిస్తారా?" (కిజామి జుకి అంటే ముందున్న చేతితో వేసే పంచ్.) రౌండుకీ రౌండుకీ మధ్య ఒక నిమిషం విరామం. బలం ఎంత వాడాలో కూడా అప్పుడే తేల్చుకోండి: ముఖానికి చర్మం తగిలీ తగలనట్టు, పొట్టకి కాస్త గట్టిగా. పిల్లలైతే ముఖానికి అసలు తగలకూడదు.

సుద్దముక్కతో కొలవండి

మాస్టర్ చెయ్యి మీకంటే వేగంగా ఉండటం వల్లే దెబ్బలు తగులుతున్నాయనుకుంటారు. అందులో నిజం కొంతే. కంటికి కనిపించాక చెయ్యి కదలడానికి మనిషికి దాదాపు 0.2 సెకను పడుతుంది. దగ్గర నుంచి వచ్చే పంచ్ అంతలోపే చేరిపోతుంది. అంటే తప్పు దూరంలో నిలబడ్డాక ఎంత చురుకైన బ్లాక్ అయినా ఆలస్యమే. అందుకే ముందు ఈ పని చేయండి.

ఎడమ కాలు ముందుపెట్టి మీ స్టాన్స్‌లో నిలబడండి. మీ బెల్టు స్థాయి ఇంకొకర్ని ఎదురుగా నిలబెట్టి, ఒక్క దూకుతో వేసిన గ్యాకు జుకి (వెనక చేతి పంచ్) అవతలి వాళ్ల ఛాతీ దగ్గర గీని (కరాటే డ్రెస్సుని) అంటీ అంటనట్టు తాకేంత దూరం జరగండి. దూకక ముందు ఇద్దరి ముందు కాళ్ల బొటనవేళ్లు ఎక్కడున్నాయో సుద్దతో గీయండి. ఆ రెండు గీతల మధ్య ఉన్నది మీ దూరం. ఇప్పుడు మీరు కదలకుండా నిలబడి, అదే దెబ్బ మీ మీద వేయమని మాస్టర్‌ని అడిగి, ఆయన దూరాన్నీ గీయండి. చాలాసార్లు అది మీ దూరం కంటే జానెడో మూరెడో ఎక్కువ ఉంటుంది. చెయ్యి పొడుగు వల్ల కాదు, వెనక పాదం నేలను పూర్తిగా నెట్టడం వల్ల, నడుము చివరిదాకా తిరగడం వల్ల.

ఆ తేడా ఎంతో అంతే వెడల్పున్న పట్టీ ఒకటి మీ ఇద్దరి మధ్య ఉంటుంది. అందులో మీరు నిలబడితే ఆయన దెబ్బ మీకు అందుతుంది, మీది ఆయనకు అందదు. భయపడే విద్యార్థి సరిగ్గా అక్కడే నిలబడతాడు, "కాస్త దూరంగా ఉన్నాను కదా" అనుకుంటూ. ఆయన దూరానికి పూర్తిగా బయట ఉండండి, లేదా ఒక్క ఊపులో మీ దూరంలోకి వెళ్లి కొట్టి బయటపడండి. మధ్యలో ఆగి ఆలోచించకూడదు.

మొదటి రౌండు

మొదటి ముప్పై సెకన్లు దెబ్బ వేయకండి. మీరు అరపాదం ముందుకు జరిగితే ఆయన జరుగుతున్నారా, ఉన్నచోటే ఉంటున్నారా, ఎదురు వస్తున్నారా? అదొక్కటే చూడండి. అడుగులు ఎత్తి వేయకుండా జారుస్తూ వేయండి. పెద్ద అడుగు వేస్తే పాదం నేలను తాకే క్షణంలో బరువంతా ముందు కాలి మీదికి వస్తుంది. అషి బరాయ్ పడేది అప్పుడే.

చూపు ఆయన పిడికిలి మీద వద్దు. మెడకింద, రెండు భుజాల మధ్య నిలపండి. చేతులూ కాళ్లూ చూపు అంచున వాటంతటవే తెలుస్తాయి.

ఇంకో మాట: ఊపిరి. బిగపట్టి ఫైట్ చేసేవాళ్లకి నిమిషం గడవకముందే చేతులు బరువెక్కుతాయి. ప్రతి దెబ్బకీ, ప్రతి తప్పుకోవడానికీ చిన్నగా ఊపిరి వదలండి.

మీ దెబ్బ ఆయనకు ముందే ఎందుకు తెలుస్తోంది

పంచ్ వేయక ముందు పిడికిలి రెండంగుళాలు వెనక్కి లాగడం, భుజం లేపడం, గట్టిగా ఊపిరి పీల్చడం, కొట్టబోయే చోటునే చూడటం. ఈ నాలుగింటిలో ఏదో ఒకటి దాదాపు అందరికీ ఉంటుంది. అద్దంలో చూస్తే దొరకదు, అద్దం ముందు మనం బుద్ధిగా ఉంటాం కాబట్టి. ఫోన్‌ని నడుము ఎత్తులో పక్కనుంచి పెట్టి ఒక రౌండు రికార్డు చేసి, స్లో మోషన్‌లో చూడండి. పాదం కంటే ముందు ఏది కదిలిందో అదే మీ జబ్బు.

లయ కూడా పట్టించేస్తుంది. ఒకటి-రెండు, ఒకటి-రెండు అని ఒకే తాళంలో వేస్తే మూడోసారికి ఆయన కౌంటర్ సిద్ధంగా ఉంటుంది. కిజామి చూపించి అరక్షణం ఆగి, అప్పుడు పొట్టకి గ్యాకు జుకి వేయండి. ఆ చిన్న ఆగడంలోనే మాస్టర్ చెయ్యి పైకి లేచి ఉంటుంది.

తలకి కిక్ మీద మోజు తగ్గించుకోండి. పోటీల్లో పంచ్‌కి 1, ఒంటికి తగిలే కిక్‌కి 2, తలకి తగిలే కిక్‌కి 3 పాయింట్లన్నది నిజమే. కానీ నైపుణ్యం ఉన్నవాళ్ల ముందు ఒంటికాలి మీద నిలబడటమంటే వాళ్లకి పని తేలిక చేయడమే. పంచ్‌తో ఆయన్ని వెనక్కి జరపగలిగాకే కిక్ గురించి ఆలోచించండి.

ఫీంట్లు (ఉత్తుత్తి దెబ్బలు), తప్పుకోవడం

మాస్టర్ వేసే సగం కదలికలు దెబ్బలు కావు, ప్రశ్నలు. భుజం కదిలించి మీరేం చేస్తారో చూస్తారు. చేతులు పైకెత్తితే తర్వాతి దెబ్బ పొట్టకి వస్తుంది. ప్రతిదానికీ చేతులతో స్పందించడం మానేసి, పాదం బెత్తెడు వెనక్కి జార్చండి చాలు. గార్డు ఉన్నచోటే ఉండాలి.

నిజంగా మీదికి వస్తే తిన్నగా వెనక్కి పరిగెత్తకండి. ముందుకొచ్చేవాళ్ల అడుగు ఎప్పుడూ పెద్దదే, రెండో దెబ్బకి దొరికిపోతారు. ఇద్దరూ ఎడమ కాలు ముందుపెట్టి ఉంటే మీ కుడివైపుకి, అంటే ఆయన ముందు పాదానికి బయటి పక్కకి ఏటవాలుగా జరగండి. ఆయన గ్యాకు జుకి వచ్చే కుడి చెయ్యి అవతల ఉండిపోతుంది. ఆయన స్టాన్స్ మార్చి కుడి కాలు ముందుకు తెస్తే దిక్కు తిరగబడుతుంది: మీ ఎడమవైపుకి జరగాలి. అక్కడే ఎక్కువమంది తికమకపడతారు, అందుకని ఖాళీగా ఉన్నప్పుడు రెండు వైపులా ఇరవయ్యేసి సార్లు నడిచి చూసుకోండి.

దెబ్బ తగిలిందని మొహం తిప్పేసుకోకండి, వీపు చూపించకండి. చూడని దెబ్బే ఎక్కువ హాని చేస్తుంది.

బలం

"మాస్టర్ కదా, ఆయనకేమవుతుంది" అని శక్తికొద్దీ కొట్టేవాళ్లుంటారు. మాస్టర్ తన బలాన్ని అదుపులో పెట్టుకుని ఆడుతున్నారు కాబట్టే మీరింకా నిలబడి ఉన్నారు. మీరు పెంచితే ఆయనా పెంచాల్సి వస్తుంది. పొరపాటున గట్టిగా తగిలితే ఆగి, వంగి నమస్కరించి, మళ్లీ మొదలుపెట్టండి.

ఇటువైపు మాట కూడా చెప్పాలి. గట్టిపరచడం పేరుతో చిన్న బెల్టుల్ని చితకబాదేవాళ్లూ ఉన్నారు. అది శిక్షణ కాదు. "ఆపండి మాస్టర్" అంటే ఆగని చోట రెండోసారి ఫైట్‌కి దిగకండి. తలకి దెబ్బ తగిలాక కళ్లు తిరిగినా, తలనొప్పి వచ్చినా, వాంతి వచ్చినట్టున్నా ఆ రోజుకి ఆపేసి డాక్టరుకి చూపించుకోవాలి. డాక్టరు సరేనన్నాకే మళ్లీ కుమితే.

అయ్యాక

చెమట ఆరకముందే మూడు విషయాలు రాసుకోండి: ఏ దెబ్బ ఎక్కువసార్లు తగిలింది, అప్పుడు మీరు ఏ దూరంలో ఉన్నారు, దానికి ముందు మీరేం చేశారు. మూడోదే అసలైనది. "ఎలా చేశాను సర్?" అని అడిగితే "బాగుంది, ఇంకా ప్రాక్టీస్ చెయ్యి" అనే వస్తుంది. "నేను కిజామి వెనక్కి లాగేటప్పుడే మీది తగులుతోంది, నా చెయ్యి కిందికి దిగుతోందా?" అంటే సరైన జవాబు దొరుకుతుంది.

ఆ ఒక్క లోపాన్ని మీ స్థాయి వాళ్లతో నెమ్మదిగా ఇరవయ్యేసి సార్లు, మూడు సెట్లు చేయండి. తర్వాత మీకంటే కింది బెల్టుతో తేలికపాటి ఫైట్‌లో వాడి చూడండి. అక్కడ తడుముకోకుండా వస్తేనే మళ్లీ మాస్టర్ ముందుకి తీసుకెళ్లండి. వారానికోసారి చాలు, మధ్య రోజులు ఈ డ్రిల్లుకే.